కత్తి గుర్తు

ఇనప రూళ్లకర్ర ఈసారి ఆమె చెవి మీద పడింది. టైపు మిషను మీద నెత్తురు చుక్కలు రాలాయి.

ఇంగ్లీషులో అరుదైపోయిన, వాడుక తప్పిన సద్గుణాల పేర్లన్నిటికీ నిఘంటువు కూరుస్తున్న మహానుభావుడు ఆమె భర్త. టైపు కొట్టేది భార్య. చచ్చిపోయిన మాట పక్కన కత్తి గుర్తు వెయ్యాలని ఆయన నియమం. సద్గుణాలు కాగితం మీద ఉంటే చాలదూ, ఇంట్లో కూడా ఎందుకు!

"లాంగానిమిటీకి కత్తి గుర్తు ఎందుకేశావే? ఎంత బాధపెట్టినా ఓర్చుకునే గుణమది. అరుదే గానీ ఇంకా బతికే ఉందని చెప్పానా లేదా?"

"చెప్పారండీ."

"మరి కళ్లు నెత్తికెక్కాయా?"

రూళ్లకర్ర మళ్లీ లేచింది. ఆమె దాన్ని గాలిలోనే పట్టుకుని లాక్కుంది. ఆయన మణికట్టు మీద బలంకొద్దీ కొట్టింది. ఎముక విరిగిన చప్పుడైంది.

"తెలిసే వేశానండీ," అంది. "ఇవాళ్టితో ఆ మాట చచ్చిపోయింది."