తాళం లేని ప్రార్థన

“మేం దేవుడికి చెప్పుకున్న మాటను దొంగచాటుగా చదివింది మీరే సార్. చదివి ఈ పిల్ల పొట్ట కొట్టిందీ మీరే.”

తలుపు కూడా తట్టకుండా లోపలికొచ్చిన సూసన్ మాట అది. గల్ఫ్ దేశంలో అల్ మవాలేలోని ఆ ప్రైవేటు ఆసుపత్రికి స్యాం మేనేజరు. టీ కప్పు కింద పెట్టి తలెత్తాడు. సూసన్ వెనక లిల్లీ నిలబడి ఉంది. ఇద్దరూ అక్కడ నర్సులే. కడుపుతో ఉన్న మనిషితో డ్యూటీలు నడవవంటూ, లిల్లీ కాంట్రాక్టు రెన్యువల్ చేయడం లేదని మొన్ననే చెప్పేశారు. కాంట్రాక్టు పోతే వీసా పోతుంది. రెండో నెల కడుపుతో, ఉద్యోగం లేకుండా విమానం ఎక్కాలి.

“కూర్చోండి సిస్టర్. నేనేం చదివానంటారు?”

“లిల్లీ నెల తప్పిందని మీకెవరు చెప్పారు? మూడో నెల దాటేదాకా పుట్టింట్లో కూడా చెప్పనంది ఇది. చెప్పుకున్నది చైన్ ప్రేయర్‌లో ఒక్కదాంట్లోనే.”

చైన్ ప్రేయర్ అంటే ఒక డ్యూటీ సిస్టర్ అరగంట ప్రార్థించి తర్వాతి డ్యూటీ సిస్టరుకు అందించడం. తెగకూడదు. వార్డులోకి సొంత ఫోన్లు తేనివ్వరు కాబట్టి ప్రార్థన మనవులన్నీ వార్డు ఫోన్లోనే దాచుకునేవాళ్లు. అందులో ఆసుపత్రి వేయించిన టైపింగ్ యాప్ ఒకటుంది. రెండక్షరాలు కొడితే ముందే రాసిపెట్టుకున్న వాక్యాలు మొత్తం వచ్చి పడతాయి. రిపోర్టులు త్వరగా రాస్తారని ఇచ్చింది. వీళ్లు దాంట్లో దేవుడికి చెప్పుకునేవీ పెట్టేశారు. పి.ఆర్. అని కొడితే చాలు, ఎవరి కన్నీళ్లు వాళ్ల పేరుతో సహా రాలిపడేవి.

“నిన్న పిల్లల వార్డు ఫోన్లో పి.ఆర్. కొట్టి చూశాను,” అంది సూసన్. “అందులో మేమెవరం ఒక్క ముక్క రాయలేదు. అయినా లిల్లీ మనవి వచ్చి పడింది. ఒక ఫోన్లో రాసింది ఇంటర్నెట్‌లోకి ఎక్కి అన్ని ఫోన్లలోకీ దిగుతోంది. మీ టేబుల్ మీదున్న కంప్యూటర్లోకీ దిగుతోంది.”

“దాన్ని సింక్ అంటారు సిస్టర్. ఫోన్ పోయినా రాసింది పోదు. మీ మంచికే పెట్టాం.”

“మా మంచికైతే అందరికీ కలిపి ఒక్కటే అకౌంటు ఎందుకండీ? ఒక్కటే పాస్‌వర్డు, అదీ ఆసుపత్రి పేరే. మత్తుమందుల బీరువాకి రెండు తాళాలు పెట్టించారు. మా మాటకి గొళ్లెం కూడా లేదు.”

“ప్రార్థన చేసుకోండమ్మా అంటే ఫోన్లో రాసుకోవడమేంటి? తప్పు మీది.”

“రాయడం మా తప్పే. తాళం వేయకుండా ఊరి మీదకి వదిలింది మేం కాదుగా.”

స్యాం నవ్వాడు. “సూసన్ సిస్టర్, మీరు వెతకాల్సింది నా కంప్యూటర్లో కాదు. చాడీలు మోసేవాళ్లు మీలోనే ఉన్నారు.”

లిల్లీ సూసన్ వైపు చూసింది. మొన్నటి నుంచీ తనను తొలుస్తున్నదీ అదే. ఆ మనవి చైన్‌లో మిగతావాళ్లు చదివినా, రాసినప్పుడు పక్కనుండి అన్నీ అడిగి తెలుసుకున్నది సూసన్ అక్క ఒక్కతే. ఇప్పుడింత గట్టిగా అరుస్తున్నది తన తప్పు కప్పిపుచ్చుకోవడానికేమో. రాత్రి ఆమె కలిపి ఇచ్చిన పెరుగన్నం కూడా ముట్టలేదు.

“మోసిందెవరో పేరు చెప్పండి,” అంది సూసన్.

“ఎందుకమ్మా, మీలో మీకు గొడవలు?”

“చెప్పరా? సరే. మీరే చదివారని ఆరోగ్య శాఖకి రాస్తాను. రోగుల సంగతులూ ఆ యాప్‌లోనే ఉన్నాయి సార్. ఎవరికి ఏ రోగమో, ఎవరు ఎవరికి తెలియకుండా ఏ పరీక్ష చేయించుకున్నారో, పేర్లతో సహా. అవన్నీ రోడ్డు మీద పడి ఉన్నాయని రాస్తాను.”

స్యాం నవ్వు ఆగిపోయింది. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

“పెంచలమ్మ సిస్టర్,” అన్నాడు. “మీ ప్రార్థన ఫెలోషిప్ మనిషే. పోయిన వారం వచ్చి ఇదిగో, ఈ ఎదుటి కుర్చీలోనే కూర్చుంది. లిల్లీ సంగతి కడుపులో దాచుకోలేక ఏడ్చి మరీ చెప్పింది. నేను అడగను కూడా లేదు. చాలా?”

శుక్రవారం ఘాలాలో జరిగే ఫెలోషిప్ ఆరాధనకి మబేలా లాంటి చుట్టుపక్కల ఊళ్ల నుంచీ ఎక్కడెక్కడి నుంచో వందల మంది వస్తారు. అందులో పెంచలమ్మ ఎవరో లిల్లీకి ఎంత ఆలోచించినా తట్టలేదు. మనిషి తట్టకపోయినా ఒళ్లు మండింది. సూసన్‌ను అనుమానించినందుకు సిగ్గేసింది.

“ఆవిడకి నేనేం అన్యాయం చేశానక్కా?” అంది.

సూసన్ స్యాం వైపే తిరిగింది. ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఇప్పుడు జరగాల్సింది వినండి సార్. లిల్లీ రెన్యువల్ మీద ఇవాళే సంతకం పడాలి. ఎవరి అకౌంటు వాళ్లకి, ఎవరి పాస్‌వర్డు వాళ్లకి ఇవ్వాలి. దాచాల్సిన మాట ఏదీ ఫోన్ దాటి పోకూడదు. పోక తప్పదంటే తాళం పడ్డాకే పోవాలి. తాళంచెవి రాసినవాళ్ల దగ్గరుండాలి, మీ దగ్గర కాదు.”

“చేయకపోతే ఏం చేస్తారు?”

“ఏముంది, పెంచలమ్మను పిలిపించండి. ‘లిల్లీ సంగతంతా తెలిసిన పెంచలమ్మ సిస్టర్ నోరు జారకుండా కాపాడు ప్రభువా’ అని నిన్న మధ్యాహ్నం వార్డు ఫోన్లో రాసి నేను పుట్టించిన మనిషి, పోయిన వారమే వచ్చి ఈ కుర్చీలో ఎలా కూర్చుందో ఆరోగ్య శాఖవాళ్ల ముందే అడుగుదాం.”