బూడిదరంగు బఠాణీలు

"క్యూలో నీ ముందు ఎంతమందున్నారమ్మా?"

"లెక్కపెట్టే ఓపిక లేదే. పొద్దున ట్రామ్ స్టాప్ దగ్గర నిలబడ్డా, ఇప్పటికి మలుపు తిరిగా. కాళ్లు కొయ్యబారిపోయాయి," అంది ఔస్మ ఫోన్లో.

ఆవిడ తమ చిన్నదేశపు రాజధాని రీగాలో, బ్యాంకు బయట, మంచులో. కూతురు జింత్ర బ్రస్సెల్స్‌లో, పెద్దదేశాల సమావేశం జరుగుతున్న భవనంలో, మెట్ల కింద నక్కి మాట్లాడుతోంది. వారం నుంచీ ఆ బ్యాంకు మునిగిపోతుందని ఒకటే పుకారు. ఊళ్లో సగంమంది డబ్బు అందులోనే ఉంది. ఔస్మ పోయినేడు ఊరవతల తోట అమ్మగా వచ్చిందంతా కూడా అందులోనే. ఇవాళ అమెరికా, యూరప్ కలిసి చెయ్యందిస్తే బ్యాంకు నిలబడుతుంది. లేదంటే రేపు తలుపులు తెరుచుకోవు. అంతే సంగతి.

ఆ చెయ్యందించడం దగ్గరే వస్తోంది పేచీ. అమెరికా వాళ్లనడిగితే మీ ఇరుగుపొరుగు యూరప్ వాళ్లే కదా, ముందు వాళ్లనడగండి అంటారు. యూరప్ వాళ్లనడిగితే డాలర్లు అచ్చేసేది వాళ్లు, ముందు వాళ్లని కదపండి అంటారు. వాళ్ల దేశపు ఆర్థికమంత్రి ఇమంట్స్ ఈ గుమ్మానికీ ఆ గుమ్మానికీ తిరిగి తిరిగి బంతిలా అయిపోయాడు. ఆయన సలహాదారు జింత్ర పని ఆ బంతి వెనకాల పరిగెత్తడం.

కానీ ఇవాళ గాలి మారింది. అమెరికా ప్రతినిధి తనంతట తనే వచ్చి ఇమంట్స్ భుజం మీద చెయ్యేసి మనవడెలా ఉన్నాడని అడిగాడు. భోజనాల దగ్గర ఆయనకి సరిగ్గా అమెరికాకీ యూరప్‌కీ మధ్య కుర్చీ వేశారు. పైగా రెండు పక్షాలూ ఈ చలికాలంలో మొదటిసారి ఒక్కమాట మీదకొచ్చాయని వరండాలో అందరూ చెప్పుకుంటున్నారు. ఆ మాటేంటో మాత్రం భోజనాలయ్యాకే చెప్తారట.

"సార్, టీవీ వాళ్లు రీగా నుంచి కాచుక్కూచున్నారు. జనాన్ని క్యూల్లోంచి ఇళ్లకి పొమ్మని ఒక్క మాట చెప్పేయండి," అంది జింత్ర.

ఇమంట్స్ అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. "వాళ్లు ఒక్కమాట మీదకి రావడం వేరు, ఆ మాట మనకి పనికిరావడం వేరు అమ్మాయ్. గట్టి గుర్తు కనబడనీ," అన్నాడు.

ఆ గుర్తు మూతపెట్టిన పళ్లెంలో వచ్చింది.

వడ్డించేవాళ్లు అందరి పళ్లేల మీదా మూతలు ఒకేసారి తీశారు. చూస్తే బూడిదరంగు బఠాణీలు, మీద పందికొవ్వు ముక్కలు, ఎర్రగా వేగిన ఉల్లిపాయ, పక్కన గ్లాసుడు పుల్లమజ్జిగ. వారం కిందట గోదెలీవ్ జింత్రకి ఫోన్ చేసి, మీ ఇళ్లల్లో ఏం వండుకుంటారని అడిగింది. ఇక్కడ అతిథి మర్యాదలన్నీ చూసేది ఆవిడే. జింత్ర వాళ్లమ్మని కనుక్కుని ఎలా నానబెట్టాలో, కొవ్వు ఎంతసేపు వేయించాలో అన్నీ చెప్పింది. అన్ని దేశాలవాళ్లనీ అడుగుతోందేమో అనుకుంది. ఇప్పుడు బల్ల మీదున్నది తమ దేశపు వంటొక్కటే.

ఇమంట్స్ చెంచా పక్కన పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. ఇదంతా మాకోసమేనా అని గోదెలీవ్‌ని అడిగాడు.

"పెద్దవాళ్లిద్దరూ కలిసే చెప్పారండీ, ఇవాళ మీ వంటే ఉండాలని," అంది గోదెలీవ్, అమ్మలా నవ్వుతూ. పోయినసారి ఇంకో దేశపు గొర్రెమాంసం పులుసు పెట్టారట, ఆ దేశపు మంత్రి కూడా ఇలాగే కళ్లు తుడుచుకున్నాడట.

ఆ మంత్రి ఈసారి ఎక్కడా కనబడలేదే అంది జింత్ర.

"పనైపోయిన మనిషి మళ్లీ ఎందుకొస్తాడు?" అన్నాడు ఇమంట్స్. వారంలో ఆయన నవ్వడం అదే మొదలు. అవతల అమెరికా ప్రతినిధి బఠాణీలు మారు వడ్డించుకుంటున్నాడు.

ఇమంట్స్ నల్లరొట్టె ముక్కతో పళ్లెం శుభ్రంగా తుడిచి నోట్లో వేసుకుని, లేచి నేరుగా కెమెరాల ముందుకెళ్లాడు. బ్యాంకుకి ఏమీ కాదని, నా మాట మీద అందర్నీ ఇళ్లకెళ్లమని చెప్పేశాడు.

జింత్ర మెట్ల కిందకి పరిగెత్తింది. ఫోన్ ఎత్తగానే ఔస్మ, "ఇక ఇద్దరే ఉన్నారే నా ముందు," అంది.

"ఇంటికెళ్లిపోమ్మా. చలిలో చస్తావ్. మంత్రిగారు టీవీలో చెప్పేశారు. నీ బఠాణీలు ఇక్కడ అమెరికా ఆయన మారు వడ్డించుకుని మరీ తిన్నాడు."



"ఉప్పు సరిపోయిందా?" అంది ఔస్మ.

"సరిపోయింది."

"అయితే పోతాలే. పాపం ఈ ముందున్న ఇద్దరికీ కూడా చెప్తానుండు."

జింత్రకి ఇక కాళ్లు నేల మీద ఆగలేదు. గోదెలీవ్‌కి థాంక్స్ చెప్పాలని వెతుక్కుంటూ వంటింటి దాకా వెళ్లింది. ఆవిడ గుమ్మానికి వీపు పెట్టి, గిన్నె అడుగున మిగిలిన బఠాణీలు రుచి చూస్తోంది. వంటమాస్టారు వానెస్ సణుగుతున్నాడు. ప్రతిసారీ ఏదో దేశం వంట ఆఖరి వారంలో చెప్తే ఎలా, ముందే తెలిస్తే నాలుగుసార్లు వండి చూసుకుంటాను కదా అంటున్నాడు.

"పోనీ వచ్చేసారి ఎవరి వంటో ఇప్పుడే చెప్పండి మేడమ్," అన్నాడు.

గోదెలీవ్ చెంచా నాకి తొట్లో పడేసింది.

"ఎవర్ని ముంచాలో పెద్దవాళ్లింకా తేల్చుకోలేదయ్యా."