బర్రెల కొట్టంలో ఇటాలియన్

“లా మియా ఇస్పిరాత్సియోనే...” ఏడోసారి మొదలుపెట్టింది వర్షిత.

బర్రె తోకతో ఒక్కటిచ్చింది. చేతిలో కాగితం పేడలో పడింది.

పాలకొచ్చినవాళ్లంతా పక్కున నవ్వారు.

“ఏంది కృష్ణయ్యా, నీ బిడ్డ బర్రెలకు ఇంగ్లీషు చెప్తుందా?” అంది పక్కింటి ఎల్లమ్మ.

“ఇంగ్లీషు కాదక్కా, ఇటాలియన్. శుక్రవారం వీడియో కాల్‌ల ఇంటర్వ్యూ. నెగ్గితే ఇటలీల బొమ్మలేసే చదువు ఫ్రీ అంట,” పాలు కొలుస్తూనే గొప్పగా చెప్పాడు కృష్ణయ్య.

ఉప్పుగూడలో వాళ్లకున్నది ఒక్క గది. అందులోనే అమ్మ కుట్టుమిషను, తమ్ముడి టీవీ. గట్టిగా చదువుకోవాలంటే ఈ కొట్టమే దిక్కు. ఆరు నెలలు ఫోన్‌లో నేర్చుకుంటే వింటే అర్థమవుతోంది గానీ మాట్లాడడం రాలేదు. ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న మాత్రం ఖాయమట: నీ కళకు ప్రేరణ ఏమిటి? నెట్‌లో దొరికిన జవాబును తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పడుతోంది.

కాగితం తుడుచుకుని మళ్లీ అందుకుంది. చివరిదాకా అప్పజెప్పింది.

“సముద్రం ఎప్పుడు చూసినవ్ బిడ్డా?”

సీమోను తాత. గల్లీలోకి కొత్తగా కిరాయికొచ్చాడు. రోజూ అరలీటరుకని వచ్చి, గిన్నె నిండినా కదలడు. గుంజకానుకుని ఆమె నోటివంకే చూస్తుంటాడు.

“చూడలే. నీకెందుకు తాతా?”

“చూడంది ఎందుకు చెప్తున్నవ్? నీ కండ్లముందు ఏముందో గది చెప్పు.”

“పేడ ఉంది. గదే చెప్పాల్నా?”

“చెప్పు. నేను చెప్పిస్త...”

వర్షితకు ఒళ్లు మండిపోయింది. “బాపూ! రేపటి నుంచి ఈయనకు పాలు పొయ్యకు. నాకు చదువుడు అయితలేదు!”

కృష్ణయ్య తల గోక్కున్నాడు. సీమోను గిన్నెకు మూత పెట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు.

శుక్రవారం. ఫోన్‌లో తెల్లజుట్టు మేడమ్. వర్షిత గుక్క తిప్పుకోకుండా చెప్పింది: కొండలు, సూర్యాస్తమయం, సముద్రపు అలలు.

మేడమ్ చేయెత్తి ఆపింది. ఇటాలియన్‌లో నెమ్మదిగా అడిగింది, సముద్రం ఎప్పుడు చూశావని.

వర్షిత కాగితం తిరగేసింది. ఆ జవాబు కాగితంలో లేదు.

మేడమ్ వచ్చే ఏడు మళ్లీ ప్రయత్నించమని చెప్పి కాల్ కట్ చేసింది.

అప్పుడు తట్టింది. ఆ రోజు కొట్టంలో తను సముద్రం అన్నది తెలుగులో కాదు. అయినా తాతకు అర్థమైంది.

సీమోను గదికి పరుగెత్తింది. తాళం.

“పొద్దుగాలనే ఖాళీ చేసి వరంగల్ పాయె, బిడ్డ దగ్గరికి,” అంది ఎల్లమ్మ. “మా మనవనికి పాలు బందైనయ్.”

“మీ మనవనికా?”

“ఆయనకు పాలు పడవంట. రోజూ తెచ్చి మా వానికే పోస్తుండె.”

“మరి కొట్టంల గంతసేపు ఎందుకు నిలబడెటోడు?”

“నలభై ఏండ్లు చర్చిల ఇటలీ ఫాదరుకు వంట చేసిండంట బిడ్డా, ఆ ఫాదరు కాలం చేసినంక గా ఇటలీ భాష మల్ల నీ నోట్లెనే ఇన్నడంట.”