మూడో పార్సిల్

పార్సిల్ విప్పుతుంటే సమ్మెట చేతిలోంచి కత్తెర జారి కింద పడింది. అట్టపెట్టెలో తెల్లటి మెడపట్టీ ఉంది. మెడ దెబ్బతిన్నవాళ్లకి డాక్టర్లు పెట్టే రకం.

"ఈసారి మెడంట్రా," అన్నాడు.

కిటికీ పక్కన సాయంత్రం పోటీకి టేపు చుట్టలు సర్దుకుంటున్న బావమరిది తలెత్తి చూశాడు. "అక్క ముందుజాగ్రత్త మనిషి కదా బావా," అన్నాడు.

సమ్మెటకి ఒళ్లు మండింది. అంతకన్నా ఎక్కువగా భయం వేసింది. ఆ సంగతి బావమరిదికి తెలియకూడదని కత్తెర కోసం చాలాసేపు మంచం కింద వెతికాడు.

సమ్మెట అనేది బరిలో పేరు. కుడిచేతి గుద్దు చూసి జనమే పెట్టారు. గుద్దులూ తన్నులూ పట్లూ అన్నీ చెల్లే పోటీలవి. ఈ దేశంలో మూడు ఊళ్లలో మూడు పోటీలకి ఒప్పుకుని వచ్చాడు. తోడు బావమరిది ఒక్కడే. చేతులకి టేపు చుట్టడం, నెత్తురు తుడవడం, మరీ ప్రాణం మీదికొస్తే బరిలోకి తువ్వాలు విసిరి ఆట ఆపించడం వాడి పని. నోట్లో వేలు పెట్టినా కొరకలేనివాడిలా ఉంటాడు. ఎదురు మాట్లాడడు కదా అనే సమ్మెట వాణ్ణి ఏరికోరి తెచ్చుకున్నాడు.

మొదటి ఊళ్లో దిగేసరికే హోటల్ కౌంటర్ దగ్గర పార్సిల్ కాచుకుని ఉంది. పెళ్లాం పంపింది. లోపల మణికట్టు పట్టీ. పరాయిదేశంలో అవసరానికి దొరుకుతాయో లేదోనని పంపానంది ఫోన్లో. సమ్మెట నవ్వుకున్నాడు. ఆ పోటీలోనే ఎదుటివాడు అతని ఎడమ మణికట్టు దొరకబుచ్చుకుని తడిబట్ట పిండినట్టు మెలిపెట్టాడు. మోకాళ్ల మీద పడి సమ్మెట పెట్టిన కేక వెనక వరసల దాకా వినపడింది.

రెండో ఊళ్లో పక్కటెముకలకి కట్టుకునే వెడల్పాటి బెల్టు వచ్చింది. ఆ పోటీలో అవతలివాడు కిందపడిన మనిషిని లేవనివ్వకుండా ఎడమ పక్కనే తన్నాడు. తన్నినచోటే మళ్లీ తన్నాడు. ఎముకలు విరగలేదన్నారు గానీ, చాలా రోజులు తుమ్మినా దగ్గినా చుక్కలు కనిపించాయి.

ఆ పట్టీలైనా సరిపోయాయా అంటే అదీ లేదు. ఒకటి మణికట్టు సగం చుట్టి ఆగిపోయింది, రెండోది బొజ్జ దాటలేదు. టేపు కలిపి కట్టాల్సివచ్చింది. పైగా వాడిన సరుకు. అంటుకునే అంచుల్లో పొడవాటి వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. ఇన్నేళ్లు కాపురం చేసీ మొగుడి కొలత తెలీదని, పాతసామాను ఎక్కడో చవగ్గా పట్టుకొచ్చి అంటగడుతోందని, ఇంటికెళ్లాక దాని పని చెప్తానని సమ్మెట గదంతా అదిరేలా అరిచాడు. బావమరిది టేపు ఇంకో చుట్టు చుట్టాడు.

ఇప్పుడు మూడోది. ఇది కూడా పోతే మళ్లీ పోటీకి పిలిచేవాడుండడు. సమ్మెట మెడ తడుముకున్నాడు.

"ఒరేయ్, ఎవరో ఉప్పందిస్తున్నారు. నేను కొట్టబోయేది వాళ్లకి ముందే తెలిసిపోతోంది."

"కుడిచెయ్యి లేచేముందు నీ ఎడమ భుజం దిగుతుంది బావా. చాలా కొంచెం."

"నీకెవరు చెప్పారు?"

"అక్క."

"అది నా పోటీ ఒక్కటైనా చూసిందిరా?"

బావమరిది టేపు చుట్టని సంచీలో పెట్టుకున్నాడు. ప్రతి ఊళ్లోలాగే నిన్న కూడా వాడు ఎదుటివాడు సాధన చేసే చోటికి వెళ్లి, ఎత్తులు కనుక్కుని వచ్చాడు. వీడికి మెడపట్లు రావు, ధ్యాసంతా కాళ్ల మీదే అని భరోసా ఇచ్చాడు. ఆ మాటే పట్టుకుని సమ్మెట బరిలోకి దిగాడు.

మొదటి గుద్దుకి ఇంకా చెయ్యి లేవనేలేదు. అవతలి పిడికిలి వచ్చి దవడకి తగిలింది. రెండోది ముక్కు మీద పడింది. నెత్తురు గొంతులోకి జారింది. సమ్మెట మోకాలితో పొడిచాడు, గుడ్డిగా మోచెయ్యి విసిరాడు. ఎదుటివాడి కనుబొమ చీరుకుపోయి ఇద్దరి నెత్తురూ ఒకటైంది. పడిపోయి లేవబోతుంటే వాడు వెనకనుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించాడు. కాళ్ల మీద కాదు, సూటిగా మెడ మీదికే వచ్చాడు.

ఊపిరి ఆగిపోయింది. నేలని తడితే ఆట ఆపేస్తారు గానీ, అతని చేతులు రెండూ వాడి కాళ్ల కింద నలుగుతున్నాయి. దీపాలు మసకబారాయి. సమ్మెట కళ్లు బావమరిది కోసం వెతికాయి. వాడు మూల నిలబడి, మడత విప్పని తువ్వాలు భుజాన వేసుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

గంట మోగింది కాబట్టి బతికాడు. దేక్కుంటూ మూలకి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"తువ్వాలు వెయ్యరా. చచ్చిపోతాను."

"ఇంకొక్క రౌండే కదా బావా," అంటూ బావమరిది నెత్తురు మెల్లగా తుడిచాడు. తర్వాత సంచీలోంచి మెడపట్టీ తీసి అతని గొంతు దగ్గర పెట్టి చూశాడు. రెండు అంచులూ కలవలేదు.

"ఇదీ చిన్నదే," సమ్మెట గొంతు జీరపోయింది. "ఇది ఎవరి మెడకి పడుతుందిరా?"

గంట మోగింది. బావమరిది పళ్ల తొడుగు అతని నోట్లోకి తోసి, స్టూలు లాగేసి, చెవి దగ్గరికి వంగాడు.

"అక్క మెడకి సరిపోయింది బావా."