మూడో జవాబు

“రెండు జవాబులూ తప్పే. ఇక ఒక్కటే మిగిలింది,” అంది భార్య.

భర్త తల పట్టుకుని బల్ల మీదికి ఇంకాస్త వంగాడు. కళ్ల ముందు నలభై కార్డులు పరిచి ఉన్నాయి. వాళ్లింట్లో ఆదివారం ఆట ఇదే. ‘మాయల యుద్ధం’ అనే ఆట బొమ్మల కార్డుల్లోంచి ఏదో ఒక పోలిక ఉన్నవే ఏరి ఒకరు కట్ట కడతారు. ఆ పోలికేమిటో రెండోవాళ్లు మూడు జవాబుల్లోపు చెప్పాలి. పోయిన వారం అతను టోపీ పెట్టుకున్నవాళ్లందరినీ ఏరితే, ఆవిడ నాలుగో కార్డుకే చెప్పేసింది. ఈసారి అతను పందెం కాసింది అగ్ని డ్రాగన్‌ని. మూడేళ్లు వెతికి సంపాదించుకున్న కార్డు.

అతను ప్రూఫ్ రీడరు. కామా జారినా పట్టేసే మనిషి. అలాంటివాడికి ఈ కట్ట కొరుకుడు పడడం లేదు. గుహలోకి పోతున్న రాక్షసుడు, దిండులో మొహం దాచుకున్న మంత్రగత్తె, కిటికీలోంచి బయటికి దూకుతున్న దొంగ, బావిలోకి తొంగిచూస్తున్న మరుగుజ్జు. రంగులు కలవవు, బలాలు కలవవు. పారిపోయేవాళ్లంటే కాదంది, ఇల్లు లేనివాళ్లంటే కాదంది. బుర్ర వేడెక్కిపోయింది.

“పోనీ, చిన్న సాయం చెయ్యి.”

“చేస్తా. ఒకసారి తలెత్తు.”

“ఉండు, దొరికేట్టుంది.”

“ప్రూఫులు దిద్దుతూ కూడా వారమంతా ఇదే ‘ఉండు’,” అందావిడ. అది అతని చెవికెక్కలేదు. సొరుగులోంచి భూతద్దం తీసి, ఒక్కో కార్డూ మొదటినుంచీ చూసుకుంటూ వచ్చాడు.

“అందరూ శాపం తగిలినవాళ్లు,” అన్నాడు చివరికి, తనకే నమ్మకం లేకుండా.

“కాదు.”

ఆవిడ చెయ్యి వచ్చి డ్రాగన్‌ని తీసుకుపోయింది. అతని ప్రాణం ఉసూరుమంది.

“మరేమిటి?”

“ఒక్కళ్లయినా నీకేసి చూస్తున్నారా?”

అతను మళ్లీ చూశాడు. రాక్షసుడి వీపు, మంత్రగత్తె జుట్టు, దొంగ కాళ్లు, మరుగుజ్జు మెడ. నలభైమందిలో ఒక్కరి మొహమూ కనబడడం లేదు.

“ఓస్, ఇంతేనా. అసలు నీకీ ఆలోచన ఎలా వచ్చింది?” అంటూ నవ్వుతూ తలెత్తాడు.

నవ్వు అక్కడే ఆగిపోయింది. నడుము దాటి వేలాడే ఆవిడ జడ లేదు. జుట్టు మెడ దాకా కత్తిరించి ఉంది.

“ఇదెప్పుడు?” అన్నాడు.

“మంగళవారం.”