ఐదో సాకెట్

“పెళ్ళిళ్ళ ఫొటోలన్నీ పోగొట్టావు,” అంటూ తాడేపల్లిగూడెం ఫొటో స్టూడియో గిరిధర్ తన కంప్యూటర్ని మెకానిక్ షాకిర్ బల్ల మీద దబ్బున పెట్టాడు. “కొత్త ఎస్సెస్డీ వేశావు, పాత హార్డ్‌డిస్కు కనబడట్లేదు. నువ్వు మోసగాడివని ఫొటోగ్రాఫర్ల గ్రూపులో పెట్టేశాను.”

షాకిర్ మూత విప్పాడు. “రెండూ కలిసి పనిచేస్తాయండీ. కొత్తది ఉంటే ఈ ఐదో సాకెట్ ఒక్కటే పనిచెయ్యదు. అందుకే పాతదాని వైరు ఒకటో దాంట్లో పెట్టాను. ఎవరో ఐదో దాంట్లోకి మార్చారు.”

“వైర్లు ముట్టుకుంది నువ్వొక్కడివే.”

షాకిర్ డిస్కు బయటికి లాగి చూపించాడు. దాని మీద పసుపు, కుంకుమ బొట్టు.

కొత్తది వేయించుకున్నాక, మొన్న ఆయుధపూజకి వైర్లతో సహా అన్నీ ఊడదీసి, తుడిచి, బొట్టు పెట్టి బిగించింది గిరిధరే.

షాకిర్ వైరు మార్చాడు. ఫొటోలు వచ్చాయి.

గిరిధర్ ఫోను తీసి ఆ మెసేజి చెరపబోయాడు.

“ఉంచండి,” అన్నాడు షాకిర్. “దాని కిందే ఈ బొట్టు ఫొటో పెట్టండి.”