నాలుక కింద రాయి

రత్న భయమల్లా ఒక్కటే: మొగుడు సుక్రు చేతిలో ఏదో ఒకరోజు కూతురు బుద్రి చచ్చిపోతుందని.

“పేజ్ తాగుతానంటావేటే? తెలుగులో జావ అను!” సుక్రు కాఫీ కొమ్మతో బుద్రి పిక్కల మీద మళ్ళీ కొట్టాడు. చర్మం చిట్లి నెత్తురొచ్చింది.

రత్న అడ్డం పడింది. “మన కొండోళ్ళ ఇంటి మాటకి తెలుగు తోక తగిలించింది, తప్పేటి? నువ్వు బస్సంటావు, ఫోనంటావు. అవి మీ తాత మాటలేటి?”

ఆమెను గోడకేసి కొట్టాడు. “సోమారం హాస్టల్లో సేరతాది. అక్కడ ఇలా కలిపి మాటాడితే ఊరుకోరు!”

వాకిట్లో గులకరాయి ఏరి, పిల్ల దవడలు నొక్కి నోట్లో కుక్కాడు. బుద్రికి ఊపిరాడలేదు. రత్న కత్తిపీట అందుకుంది.

అప్పుడు సుక్రు వేలితో రాయిని మెల్లగా పిల్ల నాలుక కిందికి జరిపాడు. “ఇక్కడ దాసుకో తల్లీ. పైనుంటే గొంతుకి అడ్డం పడద్ది. ఏడవకు, ఏడిస్తే జారిపోద్ది.”

రత్న చెయ్యి దిగిపోయింది. “నీ నోట్లో ఎవులు పెట్టారు?”

“హాస్టల్లో,” అన్నాడు సుక్రు, దవడ తడుముకుంటూ.

రత్న రాయి తీసి పారేసింది. సోమవారం బుద్రి హాస్టల్‌కి వెళ్ళలేదు.

మీ ఊళ్ళో హాస్టలుంటే ఓసారి వెళ్ళి చూడండి. ఏ పిల్లయినా పలక్కుండా కూర్చుంటే, నోరు తెరవమనండి.